దొరగారి ఉప్పునీళ్లు

ఏమండీ,

మీ ఓడ కదిలి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. ఈ కవరు మీ ఓడల ఆఫీసు కిటికీలో ఇస్తే విమానంలో రెండు రోజుల్లో వచ్చే రేవుకి చేరి, ఓడ రాగానే మీ చేతికి అందుతుందన్నారు. ఫోను చేయకుండా ఉత్తరాలేమిటని అనుకుంటారేమో. మీకు ఫోను దొరికేదే వారానికి పది నిమిషాలు, ఆ పది నిమిషాలూ మీ వెనక ఇంకో పదిమంది గొణుక్కుంటూ నిలబడి ఉంటారు. పైగా ఫోనులో నేను ఏది మొదలుపెట్టినా పోట్లాటలోనే తేలుతుంది. కాగితం మీదయితే మధ్యలో మీరు "సరేలే, సరేలే" అని అడ్డు తగల్లేరు.

ముందు మీకు కావలసిన కబురు చెప్పేస్తాను, లేకపోతే మిగతాది మనసుపెట్టి చదవరు. దొరగారు క్షేమం. ముందు గదిలో, గాజు తొట్టిలో, రాళ్ల మీద పచార్లు చేస్తున్నారు. మాండరిన్ చేప, అంటే చైనా దొరల పేరు పెట్టిన చేప అని మీరెన్నిసార్లు చెప్పినా నా నోటికి దొరగారనే వస్తుంది. ఉన్నది వేలెడు. ఒంటి నిండా నీలం, దాని మీద నారింజ రంగు గీతలు, పిల్లలు రంగు పెన్సిళ్లతో ఇష్టమొచ్చినట్టు గీసేసినట్టు. అన్ని చేపల్లా ఈదడం కూడా చేతకాదు, రెక్కలు ఆడిస్తూ రాయి మీంచి రాయి మీదికి గెంతుతుంది. పొడుచుకొచ్చిన ఆ రెండు కళ్లతో నన్ను ఎగాదిగా చూస్తుంది. కదిలే తిండి తప్ప ముట్టదు. ఆ తిండి కోసం నా వంటింటి అలమరలో పై వరస ఖాళీ చేయించి, పచ్చటి నీళ్ల సీసాలు మూడు పెట్టి, వాటిలో కంటికి ఆనీ ఆనని పురుగులు పెంచారు మీరు. ఇరవై ఏళ్ల కాపురంలో నా వంటింట్లోకి పురుగు రాకుండా చూసుకున్నదాన్ని. ఇప్పుడు పురుగులకి వెలుగు చాలుతోందా, గాలి చాలుతోందా అని నేనే కనుక్కుంటున్నాను.

మీరు గోడకి అంటించి వెళ్లిన కాగితం ప్రకారమే అన్నీ చేస్తున్నాను, ఒక్కటి తప్ప. తొట్టిలో నీళ్లు ఆవిరై తగ్గినప్పుడల్లా ఉత్త మంచినీళ్లు పొయ్యమని రాశారు. ఆదివారం ఆదివారం ఉప్పు కొలిచే ఆ గాజు గొట్టాన్ని నీళ్లలో తేలేసి, మీరు గీసిన పచ్చ గీత దాకా మునిగిందో లేదో చూడమన్నారు. గీత పైకి తేలితే ఉప్పెక్కువ, కిందికి మునిగితే తక్కువ అన్నారు. ఏమండీ, మూడొందల మంది తినే క్యాంటీనులో పాతికేళ్లుగా వండుతున్నదాన్ని. కొలత చెంచా పట్టకుండా ఒక్కరోజు కూడా ఉప్పు తప్పలేదని కదా ఆ ఫ్యాక్టరీ వాళ్లంతా నన్ను ఉప్పమ్మ అని పిలిచేది. నాకు ఉప్పు చూడడానికి గొట్టం కావాలా? దాన్ని సొరుగులో పడేశాను. ఇక నీళ్ల సంగతి. గిన్నెలో నీళ్లు పోస్తే దానికి తగ్గ ఉప్పు కూడా పడాలన్నది పొయ్యి దగ్గర నేర్చుకునే మొదటి పాఠం. ఉత్త నీళ్లు పోస్తే మీ సముద్రం చప్పబడదూ? అందుకని మీ డబ్బాలోని సముద్రపు ఉప్పు కలిపి, నాలుక మీద వేసుకుని చూసుకుని, సరిపోయిందనిపించాకే పోస్తున్నాను. ఈమధ్య ఏ ఉప్పులోనూ పస ఉండటం లేదు. మీ డబ్బాదీ అంతే, రెండు గరిటెలు ఎక్కువే పడుతోంది.

ఇక నా సంగతి. మీరు వెళ్లే రోజు పొద్దున గుమ్మంలో నేనన్న మాట మీరు మర్చిపోయినా పై వాటాలో టైలరు మర్చిపోడు, అంత గట్టిగా అన్నాను. "మీరు తిరిగొచ్చేసరికి ఈ ఇంట్లో ఆ చేపైనా ఉంటుంది, నేనైనా ఉంటాను." మీరు నన్ను చూశారు, తొట్టిని చూశారు, సంచీ భుజానికి తగిలించుకుని మెట్లు దిగిపోయారు. ఎందుకన్నావని కూడా అడగలేదు. అడక్కపోయినా చెప్తున్నాను. చలికాలంలో నేను జ్వరంతో మంచం పట్టి లేచిన కొత్తలో మీరు సెలవు మీద వచ్చారు. వచ్చిన మీరు ఆ చేపకి చచ్చిన తిండి అలవాటు చేయాలని నలభై రోజులు తొట్టి ముందు కూర్చున్నారు. రొయ్య తునకని గాజు చుక్కల గొట్టంతో దాని మూతి దగ్గర పెట్టడం, అది నోట్లోకి తీసుకుని తూ అని ఉమ్మేయడం, మీరు ముసిముసిగా నవ్వి మళ్లీ పెట్టడం. నలభై రోజులు. నా కంచం ముందు మీరు నాలుగు నిమిషాలు కూర్చోలేదండీ. రెండు ముద్దలు తిని, నీళ్లు తాగి, ఆకలి లేదని లేచిపోయేవాళ్లు. మూడొందల మంది కడుపు నింపేదాన్ని, నా మొగుడికి ఇంకొంచెం వడ్డించే భాగ్యం లేకపోయింది. ఇంతకు ముందెప్పుడూ మీరలా లేవలేదు.

ఇప్పుడు నా ఖర్మేమిటంటే, ఆ చేప చస్తే నేనే చంపానంటారు. మీరు అనకపోయినా మీ కళ్లు అంటాయి. అందుకని నాకు నచ్చని ఆ ప్రాణికి రోజూ నేనే కాపలా కాస్తున్నాను. బదులు రాయండి.

మీ వంటామె

*

ఏమండీ,

మొదటి ఉత్తరం అందిందో లేదో తెలియదు. ఇది మాత్రం కూర్చుని చదవండి.

దొరగారికి బాగాలేదు. నాలుగు రోజులైంది. పొద్దున్నే దీపం వేయగానే రాళ్ల మీద గెంతుకుంటూ వచ్చేవాడు, ఇప్పుడు ఆ మూల రాయి కింద దూరి కదలడం లేదు. దవడల పక్కన ఆ చిన్న రంధ్రాలు ఎగిరెగిరి పడుతున్నాయి, పరుగెత్తి వచ్చిన మనిషి రొప్పినట్టు. పురుగులు మూతి ముందే తిరిగినా కొరకడం లేదు. నారింజ గీతలు వెలిసిపోయాయి. పొట్ట లోపలికి పోయి, తల పక్కన ఎముక కనబడుతోంది. ఇన్నాళ్లూ దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు తొట్టి పక్కనే చాప వేసుకుని పడుకుంటున్నాను.

మీ కాగితంలో ఉన్నవన్నీ మళ్లీ మళ్లీ చూశాను. నీళ్ల వేడి సరిగ్గానే ఉంది. మోటారు తిరుగుతోంది. జల్లెడ గుడ్డ కడిగాను. దీపం వేళకి వేస్తున్నాను, వేళకి ఆర్పుతున్నాను. తొట్టి అంచు మీద తెల్లటి పొర కడుతోంది, తుడిచినా మర్నాటికి మళ్లీ కడుతోంది. అది తప్ప తేడా ఏమీ కనబడలేదు. మీ చేపల కొట్టాయన దగ్గరికి పరుగెత్తాను. తలుపు మూసి ఉంది. కూతురి ఇంటికి వెళ్లాడని, సోమవారం గానీ రాడని పక్క సైకిళ్ల షాపతను చెప్పాడు. ఇవాళ శుక్రవారం. మధ్యలో రెండు రోజులు నేనేం చేయాలో మీ కాగితంలో లేదు.

క్యాంటీనుకి సెలవు పెట్టాను. పాతికేళ్లలో ఇంట్లో జబ్బు మనుషుల కోసం పెట్టలేదు, వేలెడు చేప కోసం పెట్టాను. మేనేజరు నసుగుతాడనుకున్నాను. "ఒక్కరోజెందుకమ్మా, వారం తీసుకోండి, విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. అంత తొందరగా ఒప్పుకుంటే నాకు నచ్చలేదు. ఈమధ్య భోజనాలు రెండొందలకి పడిపోయాయి. కుర్రవాళ్లకి బయటి తిండి రుచి మరిగిందని నేను సరిపెట్టుకుంటున్నాను. ఆ సంగతి తర్వాత.

మీకు చెప్పకుండా దాచింది ఒకటుంది. ఈ స్థితిలో దాచడం నావల్ల కాదు. నేను గది చూసుకున్నాను. క్యాంటీను వెనక సందులో, మేడ మీద, ఒక కిటికీ, ఒక పొయ్యి గట్టు. తాళంచెవి నా పర్సులో ఉంది, మీ ఓడ కదలకముందు నుంచీ ఉంది. గుమ్మంలో నేనన్నది ఊరికే నోరు జారి అన్న మాట కాదు. మీరు రావడానికి వారం ముందు నా గిన్నెలు తీసుకుని వెళ్లిపోవాలనుకున్నాను. పెద్దగా ఏడుపూ లేదు. ఒక మనిషి నా చేతి తిండి వద్దన్నాక ఆ ఇంట్లో పొయ్యి ఎవరికోసం వెలిగించాలో నాకు తెలియలేదు, అంతే.

ఇప్పుడు ఆ చేప చస్తే నేను వెళ్లలేను. వెళితే చంపి పారిపోయినట్టవుతుంది. పోనీ ఇక్కడే ఉండిపోదామా అంటే, మీరు ఖాళీ తొట్టిని చూసి, నన్ను చూసి, ఏమీ అనకుండా ఊరుకుంటారు. మీ ఊరుకోవడం కంటే తిట్లు నయం. నేను ఇల్లు విడిచి పోవడానికి కూడా దొరగారు బతికుండాలన్నమాట. నవ్వొస్తే నవ్వుకోండి. నాకు రావడం లేదు.

ఇది రాస్తూ మధ్యలో మూడుసార్లు లేచి చూసొచ్చాను. ఇంకా రొప్పుతోంది. అంటే ఇంకా ఉంది.

మీ వంటామె

*

ఏమండీ,

చేప బతికే ఉంది. మిగతాది చెప్పడానికి నాకు కాస్త ధైర్యం కావాలి.

సోమవారం పొద్దున్నే నేను చెప్పులు వేసుకుని బయల్దేరబోతుంటే కొట్టాయనే మెట్లెక్కి వచ్చాడు. మీకెలా తెలిసిందంటే "ఇటు పనుండి వచ్చానమ్మా, ఓసారి చూసి పోదామని" అన్నాడు. అంత పొద్దున ఇటేం పనో నాకు అర్థం కాలేదు. తొట్టి దగ్గరికి వెళ్లి, అంచు మీద తెల్లపొర గోటితో గీకి చూశాడు. వేలు నీళ్లలో ముంచి నాలుక మీద పెట్టుకుని, వెంటనే చేతిరుమాలులో ఉమ్మేశాడు.

"ఇందులో ఏం పోస్తున్నారమ్మా?"

"తగ్గినప్పుడల్లా ఉప్పునీళ్లు. సరిగ్గా కలిపే పోస్తున్నా."

"ఉత్త నీళ్లు కదమ్మా పొయ్యాల్సింది. ఆవిరయ్యేది నీళ్లే. ఉప్పు ఎక్కడికీ పోదు, లోపలే కూర్చుంటుంది. మీరు దానిమీద మళ్లీ ఉప్పు పోసుకుంటూ వచ్చారు."

నాకు తల కొట్టేసినట్టయింది. గిన్నె మరిగేకొద్దీ ఉప్పెక్కుతుందని తెలియని వంటమనిషి ఉంటుందా? తెలుసు. కానీ మీ తొట్టి మరగదు కదా, కింద మంట లేదు కదా, అది కూడా మరుగుతున్నట్టే అని నాకు తోచలేదు. గొట్టం ఉందా అని అడిగాడు. సొరుగులోంచి తీసిచ్చాను. నీళ్లలో వదిలితే పచ్చ గీత పైకి లేచి, నీళ్ల మీద రెండు వేళ్ల ఎత్తున నిలబడింది. దొరగారు ఇన్నాళ్లూ అందులో బతికాడంటే మీరు పెట్టిన తిండి బలమే.

అక్కడితో అయిపోలేదు. ఆయన వంటింట్లోకి వెళ్లి గ్లాసుడు మంచినీళ్లు తెచ్చి, మీ డబ్బా ఉప్పు కొద్దికొద్దిగా కలుపుతూ, గొట్టంతో చూసుకుంటూ పచ్చ గీతకి సరిగ్గా తెచ్చాడు. రెండో గ్లాసులో తొట్టి నీళ్లు ముంచాడు. "రెండూ ఒక్కో చుక్క నాలుక మీద వేసుకుని తేడా చెప్పండి" అన్నాడు. ఇదేం పరీక్షరా అనుకుని వేసుకున్నాను. ఒక చుక్క. రెండో చుక్క. మళ్లీ మొదటిది. ఆయన నా మొహం వంక చూడకుండా గోడ మీది కాగితం చదువుతున్నట్టు నిలబడ్డాడు.

తేడా లేదండీ. రెండూ నీళ్లే.

ఆయన వెళ్లాక తలుపు వేసుకుని ఉప్పు డబ్బా తెరిచి చిటికెడు నాలుక మీద పోసుకున్నాను. గరగరలాడింది. ఇసుక నాకినట్టుంది. ఇంకో చిటికెడు. తర్వాత గుప్పెడు నోట్లో పోసుకున్నాను, వాంతయింది గానీ ఉప్పని మాత్రం తెలియలేదు. చలికాలం జ్వరం తర్వాత నోరు చప్పగా ఉందనుకున్నాను. ఉప్పులో పస లేదనుకున్నాను. బస్తాలు మార్పించాను, సరుకులు తెచ్చే అతన్ని దొంగ అన్నాను. ఎన్ని నెలలు చూడండి. నా నాలుక పోయిందన్న ఒక్క మాట తప్ప అన్నీ అనుకున్నాను.

మధ్యాహ్నం క్యాంటీనుకి వెళ్లాను. అందరూ తిని వెళ్లాక గిన్నెలు తోమే పెద్దామెని, అదే మన గిన్నెలక్కని, పక్కకి పిలిచి అడిగాను. అడిగీ అడగ్గానే ఆమె కళ్లు తుడుచుకుంది. "నువ్వు గరిటె కింద పెట్టి అటు తిరగ్గానే నేను చెంబెడు వేడినీళ్లు పోసేదాన్నమ్మా. ఉడికించిన బంగాళాదుంపలు వేసేదాన్ని. అయినా ఆగేది కాదు. నీతో ఎలా చెప్పేది? నువ్వు ఉప్పమ్మవి కదా." మేనేజరుకి తెలుసట. బెంచీల మీద కూర్చునే వాళ్లందరికీ తెలుసట. ఆ పేరు పెట్టి పిలుస్తూ ఇన్నాళ్లూ ఏమని నవ్వుకున్నారో నేను అడగలేదు.

తొట్టి సంగతి రాస్తాను. ఒక్కరోజులో సరిచేస్తే ఆ దెబ్బకే చేప పోతుందట. రోజుకి రెండు చెంబుల ఉప్పునీళ్లు తీసి, రెండు చెంబుల మంచినీళ్లు, అవి కూడా ధారగా కాకుండా చుక్కచుక్కగా వదలాలి. పన్నెండు రోజులు. నా తత్వం మీకు తెలుసు, పాలు పొంగే దాకా ఆగలేను. ఇప్పుడు కుర్చీ వేసుకుని సన్న గొట్టంలోంచి చుక్కలు పడుతుంటే చూస్తూ కూర్చుంటున్నాను. ఆ పన్నెండు రోజులు దొరగారు తట్టుకుంటాడో లేదో కొట్టాయన కూడా చెప్పలేనన్నాడు.

అలా కూర్చున్నప్పుడే తట్టింది. మీరు రెండు ముద్దలు తిని నీళ్లు తాగి లేచిపోయింది ఎందుకో. ఎవరూ నోట పెట్టలేని తిండి అది. అయితే మిమ్మల్ని అన్నేసి మాటలు అన్నందుకు నేను సిగ్గుపడాలి. కానీ ఏమండీ, ఒక్కటి అడుగుతాను, దానికి మాత్రం బదులు కావాలి. కూరలో ఉప్పెక్కువైందని మాత్రమే అనుకుని లేచారా, నా నాలుక పోయిందని తెలిసి లేచారా? తెలియకపోతే తప్పు నాది. తెలిసి ఉంటే ఏం చేస్తానో నాకే తెలియదు.

మీ వంటామె

*

ఏమే,

నీ ఉత్తరాలు రెండూ ఒక్కసారే అందాయి, ఇవాళ పొద్దున ఈ రేవులో. తిట్ల కింద ఉన్న కంగారంతా చదివాను. కోపమొచ్చినా చివరిదాకా చదువు. నాకు రాయడం రాదని నీకు తెలుసు. తీగలు కలపమంటే కలుపుతాను, మాటలు కలపలేను.

చేప జబ్బు ఏమిటో నీ మొదటి ఉత్తరంలోనే తెలిసిపోయింది. అందుకని రెండోది చదివి లేవగానే ఫోను దగ్గరికి వెళ్లాను. నీకు చేయలేదు. కొట్టాయనకి చేశాను. రేపు పొద్దున్నే మా ఇంటికి వెళ్లు, నేను చెప్పానని చెప్పకు అన్నాను. రెండు గ్లాసుల పరీక్ష కూడా నేను చెప్పిందే. ఈ ఉత్తరం నీకు చేరేలోపు ఆయన వచ్చి వెళ్లి ఉంటాడు, నీకు తెలిసిపోయి ఉంటుంది. నాకు ముందే తెలుసు. క్రితం సెలవులో వచ్చిన మొదటి రోజు మొదటి ముద్దకే తెలిసింది.

తినలేకపోయాను. ఓడ డాక్టరు నాకు రక్తపోటు ఉందని, ఉప్పు తగ్గించమన్నాడు, అదొక సాకు. అది లేకపోయినా తినలేకపోయేవాణ్ణి. మర్నాడు నువ్వు క్యాంటీనుకి వెళ్లాక నీ ఉప్పు డబ్బా చూశాను, ఉప్పు మంచిదే. గిన్నెలక్కని దారిలో ఆపి అడిగాను. ఆమె చెప్పింది. ఆ సాయంత్రం నీతో చెబుదామని కూర్చున్నాను. నువ్వు వడ్డిస్తూ, ఈ ఉప్పులో పసలేదండీ అన్నావు. నవ్వుతూ అన్నావు. మర్నాడు చెబుదామనుకున్నాను. అలా అరవై రోజులు. కంచం దగ్గర కూర్చుంటే నా మొహంలో తెలిసిపోతుందని లేచి తొట్టి దగ్గరికి పోయేవాణ్ణి. నువ్వు అనుకున్నట్టు చేప మీద ప్రేమతో కాదు. దాని ముందు కూర్చుంటే నువ్వు నన్ను ఏమీ అడగవు, అందుకు.

తీగలో ఎక్కడ తెగిందో తెలియకపోతే మేం చేయి పెట్టం, మీటరు పెడతాం. నీకూ అలాగే చేద్దామనుకున్నాను. గొట్టం మీద పచ్చ గీత గీసి, ఆదివారం ఆదివారం చూడమని కాగితం అంటించాను. నువ్వు ఎలాగూ నీళ్లు నోట్లో వేసుకుని చూస్తావని తెలుసు. గొట్టం ఒకటి చెప్తుంది, నీ నాలుక ఇంకోటి చెప్తుంది, నీ అంతట నీకే తెలుస్తుంది, నేను చెప్పక్కర్లేదు అనుకున్నాను. నువ్వు గొట్టాన్ని సొరుగులో పడేస్తావని నాకు తోచలేదు. ఇరవై ఏళ్లు నీతో ఉండి కూడా తోచలేదు.

నువ్వు చేపని చంపావని అనను. పోతే నేను చంపినట్టే. దాన్ని మధ్యలో పెట్టింది నేను. గది సంగతి చదివాక ఓడ వెనక్కి తిప్పమని అడగలేను కదా. ఇంకా రెండున్నర నెలలు. నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు, బదులు మాత్రం రాయి.

నీ కరెంటు మనిషి

*

ఏమండీ,

మీ ఉత్తరం వచ్చిన రోజే నేను గదిలోకి మారిపోయాను. నా గిన్నెలు, నా గరిటెలు, రెండు దుప్పట్లు. టైలరు సామాను మోయడానికి సాయం పట్టి, ఎన్నాళ్లకమ్మా అన్నాడు. తెలియదన్నాను.

మీరు తిట్టమన్నారు గానీ తిట్లతో తీరేది కాదు. నాలుక డాక్టరు దగ్గరికి వెళ్లాను. జ్వరంలో నరం దెబ్బతింది, కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. మొదట్లోనే వచ్చి ఉంటే మందులు ఇంకాస్త పనిచేసేవేమో అన్నాడు. ఆ మొదట్లోనే మీరు ఇంట్లో ఉన్నారు. అరవై రోజులు ఉన్నారు. నన్ను బాధ పెట్టకూడదని ఊరుకున్నానంటారు. మీరు ఊరుకున్నారు, గిన్నెలక్క ఊరుకుంది, మేనేజరు ఊరుకున్నాడు, మీ అందరి మంచితనం మధ్య నేనొక్కదాన్నే వెర్రిదాన్లా గరిటె తిప్పుతూ నిలబడ్డాను. చేప కోసం ఫోను వరసలో నిలబడ్డారు. ఆ పది నిమిషాలూ నాకిచ్చి, "నీ నాలుక పోయిందే" అని ఉంటే ఏడ్చేదాన్ని, ఫోను విసిరేసేదాన్ని, సాయంత్రానికి లేచేదాన్ని.

మేనేజరు గదిలోకి నేనే వెళ్లాను. ఆయన నోరు తెరవకముందే నేను చెప్పాను, నాకు ఉప్పు తెలియడం లేదు, మానిపించదలుచుకుంటే మానిపించండి అని. ఆయన కుర్చీలో ఇబ్బందిగా కదిలి, ఏం చేద్దామమ్మా అన్నాడు. ఇప్పుడు నేను చెంచాతో కొలిచి వేస్తున్నాను. పాతికేళ్లలో మొదటిసారి. దించే ముందు గిన్నెలక్క గరిటెడు రుచి చూసి తల ఊపాలి. మొదటి రోజు మొహమాటపడి బాగుందమ్మా అంది. గరిటె లాక్కుని, ఇంకోసారి అబద్ధమాడితే తోమిన గిన్నెలన్నీ మళ్లీ తోమిస్తానన్నాను. రెండో రోజు "చాల్లేదు, ఇంకో చెంచా పడాలి" అంది. ఈ వారం భోజనాలు రెండొందల ముప్ఫై.

రోజూ పొద్దున క్యాంటీనుకి ముందు, సాయంత్రం పని దిగాక ఇంటికి వెళ్తున్నాను, దొరగారి కోసం. తొమ్మిదో రోజు ఒక పూటంతా రొప్పడం ఆగిపోయి, పక్కకి ఒరిగి పడి ఉంటే అయిపోయిందనుకున్నాను. తొట్టి అద్దానికి నుదురు ఆనించి అలాగే నిలబడ్డాను. కాసేపటికి ఒక రెక్క ఆడింది. పన్నెండు రోజులన్నది పదహారు పట్టింది. పదిహేడో రోజు పొద్దున గొట్టం వదిలితే పచ్చ గీత నీళ్లకి సమంగా నిలిచింది. ఎవరూ లేరు చూపించడానికి, నేనే రెండుసార్లు చూసుకున్నాను. రంగు తిరిగి వస్తోంది. మళ్లీ నన్ను ఎగాదిగా చూస్తున్నాడు.

నిన్న సాయంత్రం మీ చుక్కల గొట్టంలో రొయ్య తునక పెట్టి మూతి దగ్గరికి పోనిచ్చాను. మీ నలభై రోజులకీ చచ్చిన తిండి అలవాటు పడలేదు కదా, చూద్దామని. నోట్లోకి తీసుకుని నా మొహం ముందే ఉమ్మేశాడు. తునక పెద్దదైందేమోనని సగం చేసి ఇచ్చాను. ఉమ్మేశాడు. మూడోసారి మంచినీళ్లలో కడిగి ఇచ్చాను, అదీ ఉమ్మేశాడు. ఏమండీ, నాకు కోపం రాలేదు. నవ్వొచ్చింది. మీరు నలభై రోజులు ఎందుకు నవ్వేవారో అర్థమైంది. నచ్చలేదని ఎదురుగా చెప్పే ప్రాణితో కష్టమేమీ లేదు, ఏం చేయాలో తెలుస్తుంది. నాలుగోసారి మింగాడు.

మీ ఓడ వచ్చే రోజు ఇంటికి వెళ్లకండి, ఇంట్లో నేనుండను. సంచీ భుజాన వేసుకుని సూటిగా క్యాంటీనుకి రండి. అందరితో పాటు బెంచీ మీద కూర్చోండి. మీ కంచంలో నేనే వడ్డిస్తాను. ఆ రోజు గిన్నెలక్కని రుచి చూడనివ్వను, చెంచా పట్టను, నా చేత్తోనే ఉప్పు వేస్తాను. ఎలా కుదురుతుందో నాకు తెలియదు. మీరు ఏమీ అనకుండా రెండు ముద్దలు తిని నీళ్లు తాగి లేచారా, గది తాళంచెవి నా పర్సులోనే ఉంటుంది.

నోట్లో పెట్టుకోండి. బాగాలేకపోతే అందరి ముందూ ఉమ్మేయండి. నేను మళ్లీ వండుతాను.

ఉప్పమ్మ